తాబేలు ఆగిన చోటు

పందొమ్మిదేళ్లుగా ఆ బడి గదులు ఊడ్చే ఆయాకి పిల్లలు పెట్టిన పేరు సర్దుడు పెద్దమ్మ. వంకరగా ఉన్నది కంటపడితే చాలు, ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఒకసారి కూతురింటికి వెళ్లి, వియ్యపురాలి వంటింట్లో డబ్బాలన్నీ పొడుగు వారీగా నిలబెట్టి వచ్చింది. "అమ్మా, ఈసారి వస్తే చేతులు కట్టుకుని కూర్చో. మా అత్తగారికి పంచదార దొరకడానికి మూడు రోజులు పట్టింది" అని కూతురు ఫోనులో మొత్తుకుంది.

ఆ చెయ్యే గురువారం పొద్దున్నే కొంప ముంచింది.

ఏడో తరగతి పిల్లలు మీడియా గదిలో మట్టి తాబేలుతో సినిమా తీస్తున్నారు. బడికి ఆలస్యమైన తాబేలు కథ అది. బొమ్మను గోరంత కదపడం, ఒక ఫొటో తియ్యడం. మళ్లీ గోరంత, మళ్లీ ఫొటో. అన్నీ వరసగా తిప్పితే తాబేలు నడుస్తుంది. సెకనుకు పన్నెండు ఫొటోలు. తొమ్మిది రోజుల్లో ఆరువందల పది అయ్యాయి. ఇంకో నూట పది తీస్తే నిమిషం సినిమా పూర్తి. శుక్రవారం మధ్యాహ్నం బడి అంతా చూడాలి.

రోజూ ఇంటికెళ్లేముందు పిల్లలు "బల్ల ముట్టుకోవద్దు" అని కాగితం అంటించేవాళ్లు. బుధవారం హడావుడిలో మరిచిపోయారు. కాగితం లేదంటే పని అయిపోయిందని ఆయా లెక్క. ఎనిమిది రోజులుగా బలవంతాన ఆపుకున్న చెయ్యి కదా, కసిదీరా సర్దింది. తాబేలు అలమరలోకి, ఫోను పెట్టిన స్టాండు మూలకి. బల్ల అద్దంలా మెరిసింది.

"పెద్దమ్మా! తాబేలేదీ?" జట్టుకు పెద్దైన కళ్లద్దాల పిల్ల గుమ్మంలోనే కెవ్వుమంది.

"భద్రంగా పెట్టానమ్మా. ఒక కాలు గాల్లో ఉంటే అదీ సరిచేశా."

"అయ్యో, అది అడుగేస్తోంది పెద్దమ్మా!"

సంగతి అర్థమయ్యాక ఆవిడ పరుగున వెళ్లి అలమరలోంచి తాబేలును తెచ్చిచ్చింది. పసివాళ్ల తొమ్మిది రోజుల కష్టం!

మీడియా మేడం వచ్చి చూసింది. కంప్యూటరు తెర మీద చివరి ఫొటో పలచగా, నీడలా కనిపిస్తుంది. ఇప్పటి బొమ్మ సరిగ్గా దాని మీద కూర్చోవాలి. కాలు మళ్లీ ఎత్తి తాబేలును బల్ల మీద నిలబెట్టారు. అయినా కూర్చోలేదు. స్టాండు ఎత్తు, దూరం, వంపు మూడూ కలిస్తేగా! ఒకటి కుదిరితే ఇంకొకటి తప్పుతోంది. గంట గడిచింది.

"మొదట్నించీ తియ్యాలి. రేపటికి అవదు" అంది మేడం. కళ్లద్దాల పిల్ల అద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయా ఇక ఆగలేకపోయింది. "స్టాండు ముందు కాలు నేల మీద ఆ పగిలిన పలక దాటి రెండు వేళ్లు. వెనక కాళ్లు గోడకి జానెడు. రోజూ దాని చుట్టూ తుడిచింది నేనే కదా."

"మరి ఎత్తో?"

ఆవిడ చీపురు పట్టినట్టు వంగింది. "ఫోను సరిగ్గా నా చెవికి తగిలేది. జరుగు నాయనా అనేదాన్ని."

"అలాగే ఉండు పెద్దమ్మా, కదలకు!" పిల్లలు చెవి దగ్గరికి స్టాండు దించారు. "వంపు?"

"మార్కులు తక్కువొచ్చినవాడిలా, తల కాస్త కిందికి."

తెర మీద నీడా బొమ్మా దగ్గరయ్యాయి. వెంట్రుకవాసి తేడా మాత్రం పోలేదు. "చాలు, ఫొటోలు తీసెయ్యండి!" అంది మేడం.

శుక్రవారం హాల్లో ఆయా చివరి వరసలో, కుర్చీ అంచున కూర్చుంది. తాబేలు చక్కగా నడుస్తోంది. ఆరువందల పదకొండో ఫొటో దగ్గర ఒక్క కుదుపు. ఆవిడ ముందు కుర్చీ గట్టిగా పట్టుకుంది.

"తాబేలుకి ఎక్కిళ్లు!" చిన్న తరగతి పిల్లాడెవడో అరిచాడు. హాలంతా గొల్లున నవ్వింది. తాబేలు మాత్రం తన దారిన తాను వెళ్లి బడి మెట్టెక్కింది. చప్పట్లు మోగిపోయాయి. అప్పుడుగానీ ఆవిడ కుర్చీలో వెనక్కి వాలలేదు.

కళ్లద్దాల పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఆ ఎక్కిళ్లు నీవే పెద్దమ్మా!"

"ఎక్కిళ్లు కాదే పిచ్చిపిల్లా. తొమ్మిది రోజులు అలా అడుగు తీసి అడుగేస్తే ఎవరికైనా మోకాలు పట్టేస్తుంది" అంది ఆయా.