తలుపుకు అడ్డుపెట్టిన రాయి

ఐర్లండ్ నుంచి ఆస్ట్రేలియా వచ్చి స్థిరపడ్డ తన పూర్వీకుల మీద హనోరా నవల రాస్తోంది. చేత్తో తాకి చూడనిదే ఏ వస్తువునూ కథలోకి రానివ్వదు. బంగాళాదుంపల గోతం గురించి రాయాలంటే, ముందు దాన్ని భుజానికెత్తుకుని పొలం గట్టుదాకా నడిచి వస్తుంది. రాస్తూ రాస్తూ లేచి, ఉయ్యాలలో ఉన్న తన పసివాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటుంది.

ఆ సాయంత్రం వంటింట్లో తండ్రి కార్మక్‌కు కొత్త పేజీ చదివి వినిపించింది. మనిషి జాడలేని నేల, ముత్తాత వేసిన గుడిసె, సముద్రపు గాలికి తలుపు కొట్టుకోకుండా ఆయన అడ్డుపెట్టిన రాయి. ఆ రాయి ఇప్పటికీ ఈ ఇంటి తలుపు దగ్గరే ఉంది. అలవాటుగా వంగి తడిమింది. మధ్యలో నున్నటి గుంట, ఏళ్ల తరబడి గింజలు నూరితే పడే గుంట. "నాన్నా, మనవాళ్లెవరూ రాతిమీద నూరలేదు. వాళ్లు రాకముందే ఇక్కడెవరో వండుకు తిన్నారు." "ఊరుకోవే తల్లీ! చిన్నప్పుడు అందులో మా కుక్కకి నీళ్లు పోసేవాళ్లం." "మరి ఎవరూ లేరని ఎలా రాయను?" "మా తాత అలాగే చెప్పాడు. ఆయన్ని ఒకరి నేల కాజేసిన దొంగని చెయ్యకు." హనోరా రాయిని రెండు చేతులా ఎత్తి బల్లమీద, కాగితాల పక్కన పెట్టింది. తలుపు దభాలున కొట్టుకుంది. పసివాడు ఉలిక్కిపడి ఏడ్చాడు. కార్మక్ రాయి కోసం చెయ్యి చాచి, గుంట చూసి ఆగాడు. మనవణ్ణి ఎత్తుకుని, తలుపును వీపుతో ఆపి నిలబడ్డాడు.