ఉఫువోమా పడిన ఆదివారం

భార్య నేలమీద పడి ఉంటే ముడియాగా అనే మనిషి నవ్వాడు. కీబోర్డు వెనకనుంచి ఆమెనే చూస్తూ నవ్వాడు. ఈ సంగతి సపెలే ఊరంతటిలో ఇద్దరికే తెలుసు. ఒకరు అతను, ఇంకొకరు నేను. ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని ఉన్నాను. ఇప్పుడు చెప్పడం అతన్ని బజారుకీడ్చడానికి కాదు. ఊళ్ళో అతని గురించి తలా ఒక మాట అంటున్నారు. పిచ్చివాడంటారు, పరిశుద్ధుడంటారు. రెండూ వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

నా పేరు తెజిరి. ఆరు రోజులు బజారులో గుడ్డలమ్ముతాను, ఏడో రోజు మా మందిరంలో పాటలెత్తుతాను. మా దగ్గర పాటల పుస్తకం లేదు, ముందుగా సాధన చెయ్యడమూ లేదు. మైకు పట్టుకున్న మనిషికి ఏ పాట నోటికొస్తే అదే పాట, గొంతు ఎక్కడ పడితే అదే శ్రుతి. వెనకున్నవాళ్ళు పరుగెత్తి పట్టుకోవాలి. ఇరవై రెండేళ్ళు నన్నలా పట్టుకున్నవాడు ముడియాగా. నేను పాటలో మొదటి నాలుగు మాటలు అనేలోపు అతని చెయ్యి వచ్చి నా గొంతు కింద నిలబడేది.

బక్కపలచటి మనిషి. రంపపు మిల్లులో దుంగల కొలతలు రాసే ఉద్యోగం. వాళ్ళ నాన్న అదే మిల్లులో మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. కొడుక్కి పద్నాలుగేళ్ళు రాగానే మందిరానికి తీసుకొచ్చి, "ఈ పది వేళ్ళూ దేవుడివి, మిల్లువాళ్ళు అడిగినా ఇవ్వకు" అని ఆ పాత కీబోర్డు ముందు కూర్చోబెట్టి వెళ్ళాడట. దాంట్లో ఒక నల్లమెట్టు నొక్కితే పైకి లేచేది కాదు, గోటితో ఎత్తాల్సి వచ్చేది. ముడియాగాకి వచ్చింది ఒకటే శ్రుతి. మిగిలినవన్నీ పక్కనున్న బొత్తాం నొక్కి మార్చుకునేవాడు. మా వైపు వాయించేవాళ్ళు చాలామంది అంతే, దానికెవరూ సిగ్గుపడరు.

"సిస్టర్, ఇవాళ పాట ఏ కొబ్బరిచెట్టెక్కి ఎత్తారు? మిమ్మల్ని అందుకోవడానికి నిచ్చెన వేసుకోవాల్సొచ్చింది" అనేవాడు ఆరాధన అయ్యాక.

"నీ బొత్తానికి కాస్త పని చెబుదామని తమ్ముడూ. ఊరికే ఉంటే తుప్పు పట్టిపోదూ?" అనేదాన్ని.

మొదటి అరగంటా నాది. డప్పులు, గవ్వలల్లి గలగలలాడించే సొరబుర్ర, గిటారు పలికినట్టు పలికే అతని కుడిచెయ్యి, తెల్లరుమాళ్ళు ఊపుతూ చిందేసే జనం. ఆ అరగంటలో ఎవరికీ ఏ జబ్బూ గుర్తుండదు. తరవాత పాస్టర్ ఒనోమె మైకు తీసుకుంటాడు. అక్కణ్ణుంచి నాకు పనుండదు, ముడియాగాకే అసలు పని.

పాస్టర్ ప్రార్థన మొదలుపెట్టగానే కీబోర్డు సన్నగా, వయొలిన్ల శబ్దంతో, ఆయన మాటల కింద పారుతూ ఉండాలి. ముడియాగా ఒకే స్వరాల గుత్తిని పట్టుకుని, విడవకుండా, వినేవాళ్ళ ఊపిరి బిగుసుకునేదాకా నిలిపేవాడు. పాస్టర్ చెయ్యి ఎవరి నుదుటి మీదికైనా లేవగానే ఆ గుత్తినంతటినీ అర శ్రుతి పైకి తిప్పేవాడు. అంతే, మనిషి వెనక్కి పడేవాడు. వెనక పట్టుకునేవాళ్ళు పట్టుకుని పడుకోబెట్టేవారు. ఆడమనిషైతే కాళ్ళమీద గుడ్డ కప్పేవారు. ఆ తరవాత ఆ మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు, పరిశుద్ధాత్మ పని చేస్తున్నట్టు. దాన్ని మేమందరం ముడియాగా మలుపు అనేవాళ్ళం. పక్క పట్నం వాఱీ నుంచి కూడా వచ్చి నేర్చుకుని వెళ్ళారు.

కీబోర్డు మాత్రం ఆగకూడదు. అది ఆగితే ఆత్మ ఆగిపోతుందని పాస్టర్ మాట. ఒకసారి ఎండాకాలపు దుమ్ముకి దగ్గు తెర వచ్చి ముడియాగా చేతులు తీశాడు, నోరు మూసుకోవడానికి. అందరి ముందూ తిట్టి రెండు నెలలు వెనక బెంచీలో కూర్చోబెట్టారు. మిల్లులో ఉద్యోగం పోయినా అంత ఏడ్చేవాడు కాదేమో. ఆ రెండు నెలలూ మోకాళ్ళ మీద వేళ్ళు కదుపుతూ కూర్చునేవాడు. అది చూసి నాకు పాస్టర్ మీద కోపం వచ్చింది. కానీ పైకి అనలేదు. అప్పుడే అని ఉండాల్సింది.

ఇక ఉఫువోమా. అతని భార్య. పడవల రేవు దగ్గర నిప్పుల మీద అరటికాయలు కాల్చి అమ్మేది. భారీ మనిషి, నవ్విందంటే రేవు అవతలకి వినపడేది. మందిరంలో ముందు వరసలోనే నిలబడేది, చెయ్యి వేయించుకునేది, కానీ ఒక్కనాడూ పడలేదు. పాస్టర్ నుదుటి మీద ఎంత నొక్కినా రాయిలా నిలబడి "ఆమేన్" అని వెళ్ళి కూర్చునేది. ఒకనాడు వాళ్ళింట్లో బీన్స్ తింటూ అడిగాను.

"ఏమే, ఊరందరూ పడతారు, నువ్వొక్కదానివీ ఎందుకు పడవు?"

"ఎట్టా పడతానక్కా? ఆ మలుపు ఈయనగారు వారమంతా నా పొయ్యి పక్కనే కూచుని వాయిస్తాడు. అది వినపడితే నాకు దేవుడు గుర్తు రాడు, బీన్స్ అడుగంటుతున్నాయేమో అని గుర్తొస్తది!"

నేను పొలమారేంత నవ్వాను. ముడియాగా కూడా నవ్వాడు. "చూస్తూ ఉండు, ఒకరోజు నిన్నూ పడేస్తా" అన్నాడు.

"పడేద్దువుగానిలే. ముందా బొగ్గుల బస్తా దించు" అంది ఆవిడ.

నవ్వులాటే. కానీ అతనికి లోపల ముల్లులా గుచ్చుకునే ఉందని నాకు తరవాత తెలిసింది. ఒకసారి వైర్లు చుడుతూ, నా మొహం చూడకుండానే అన్నాడు.

"సిస్టర్, నాలుగొందలమంది పడతారు. నా పక్కన పడుకునే మనిషి పడదు. అప్పుడు నేను వాయించేది నిజమంటారా, అబద్ధమంటారా?"

"ఆవిడ గట్టిపిండం, అంతేలే" అని కొట్టిపారేశాను. నేను మాట దాటేశానని అతనికి తెలిసిపోయింది.

ఆ ఆదివారం నాటికి వానలు ఇంకా మొదలవలేదు, పొద్దున పదింటికే రేకులు కాలిపోతున్నాయి. మందిరం గుమ్మంలో ఉఫువోమా స్తంభానికి తల ఆనించి నిలబడి ఉంది.

"ఏమైందే?"

"తల పగిలిపోతోందక్కా. రాత్రి నుంచీ."

ఆమెకి రక్తపోటు ఉందని నాకు తెలుసు. "మాత్రలు వేసుకుంటున్నావా?" అన్నాను.

"అవేసుకుంటే తూలుతున్నాను, నిప్పుల ముందు కూచునేదాన్ని. రెండు వారాలైంది మానేసి. ఈయనకి చెప్పమాక."

అప్పుడు నేనేం చెయ్యాలి? చెయ్యి పట్టుకుని మూడుచక్రాల బండి ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నేను అన్నదేమిటంటే, "ముందుకెళ్ళి ప్రార్థన చేయించుకో, తగ్గిపోతుంది" అని. ఈ నోటితోనే అన్నాను. తరవాత ఇదే నోటితో వెళ్ళి పాట ఎత్తాను.

ప్రార్థన వేళకి వేదిక ముందున్న ఖాళీ స్థలమంతా నిండిపోయింది. పాస్టర్ వరసగా చెయ్యి వేసుకుంటూ వస్తున్నాడు, మనుషులు పడుతూ ఉన్నారు, కప్పే గుడ్డలు అయిపోయాయి. పాస్టర్ ఉఫువోమాకి ఇంకా ముగ్గురు మనుషుల దూరంలో ఉన్నాడు. అప్పుడు ముడియాగా మలుపు తిప్పాడు. ఉఫువోమా పడింది.

అందరూ పడేలా వెనక్కి పడలేదు. పక్కకి పడింది. ఒక చెప్పు నిలబడినచోటే ఉండిపోయింది. పట్టుకునేవాళ్ళు లేకపోవడంతో తల చాపమీద కొట్టుకుంది. నేను దగ్గరలోనే ఉన్నాను. గుడ్డ లేదు కనక నేను పైన చుట్టుకున్న నీలం గుడ్డ విప్పి ఆమె కాళ్ళమీద కప్పాను. కప్పుతుంటే గొంతులోంచి గురకలాంటి చప్పుడు వినిపించింది. ఆత్మ వచ్చి అన్యభాషలో మాట్లాడుతోందనుకున్నాను. ఇన్నేళ్ళకి ఆ రాయి కరిగిందనుకుని, సంతోషపడి, "హల్లెలూయా" అన్నాను.

ఆ సంతోషంతోనే తలెత్తి ముడియాగా వైపు చూశాను. అప్పుడు చూశాను ఆ నవ్వు. పిల్లవాడు పరీక్ష పాసైతే నవ్వే నవ్వు. కళ్ళనిండా నీళ్ళు. భార్యనే చూస్తూ, ఆమె కోసమే, మలుపు ఇంకోసారి పైకి తిప్పాడు. ఆ తరవాత ఇంకోసారి. అంత బాగా అతను వాయించడం నేనెప్పుడూ వినలేదు.

"కీబోర్డు, ఆపకు! ఆపకు!" అని పాస్టర్ అరిచాడు.

నలభై నిమిషాలు ఆపలేదు.

ఆశీర్వాదం అయ్యాక పడినవాళ్ళు ఒక్కొక్కరే లేచి దుమ్ము దులుపుకున్నారు. నా నీలం గుడ్డ కింద మనిషి లేవలేదు. గురక కూడా ఆగిపోయి ఉంది. ముడియాగా కీబోర్డు మెట్లమీద గుడ్డ కప్పుతూ, "ఏమేవ్, చాల్లే ఇంక లే, అందరూ వెళ్ళిపోతున్నారు" అన్నాడు, గొంతులో మురిపెం దాచుకోలేక. తరవాత వేదిక దిగివచ్చాడు. తరవాత ఆమె మొహం చూశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కనురెప్ప ఎత్తి చూసి, "పడి ఎంతసేపయింది?" అంది. అక్కడ తొమ్మిదిమందిమి ఉన్నాం. ముడియాగానే చెప్పాడు, నిమిషాలతో సహా. అతనికి పాట లెక్కలో ఎంతసేపు వాయించాడో తెలుసు. తలలో నరం చిట్లిందన్నారు. సోమవారం మధ్యాహ్నం ఉఫువోమా పోయింది.

సమాధి దగ్గర పాస్టర్, "సన్నిధిలో పడి సన్నిధికే వెళ్ళింది, ఎంత ధన్యురాలు!" అన్నాడు. నా చేతిలో మట్టి ఉంది. ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు, గోతిలోనే వేశాను. నేను మాత్రం తక్కువా? ముందుకెళ్ళమన్నది నేను. గుడ్డ కప్పింది నేను.

ఏడు వారాల తరవాత ముడియాగా నా దుకాణానికొచ్చి, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. గుడ్డల అంచులు తడుముతూ అడిగాడు.

"సిస్టర్, ఆ రోజు మీరు నాకు ఎదురుగా ఉన్నారు. నా మొహం చూశారు కదా?"

"లేదు తమ్ముడూ. కళ్ళు మూసుకున్నాను."

"మీరెప్పుడూ కళ్ళు మూసుకోరు."

నేను కొలకర్ర తీసి అటునుంచి ఇటు పెట్టాను.

"నిజమే వాయిస్తున్నాననుకున్నాను సిస్టర్. ఆ ఒక్కరోజూ. అది పడేసరికి, హమ్మయ్య, నేనిన్నేళ్ళూ చేసింది మోసం కాదు అనుకున్నాను. అది అక్కడ..." అని ఆపేశాడు. లేచి, మడత చెదిరిన గుడ్డని మళ్ళీ జాగ్రత్తగా మడిచిపెట్టి వెళ్ళిపోయాడు. నేను దుకాణం మూసి లోపల కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

తరవాతి ఆదివారం వచ్చి వాయించాడు. నా అరగంటా ఎప్పటిలాగే నన్ను పట్టుకున్నాడు. ప్రార్థన మొదలైంది. చేపలమ్మే ముసలావిడ ఒకతె పడింది. కీబోర్డు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో బయట జనరేటరు చప్పుడు అంత పెద్దదని మాకు మొదటిసారి తెలిసింది. ముడియాగా దిగివచ్చి, వంగి, ఆవిడ ముక్కు దగ్గర రెండు వేళ్ళు పెట్టాడు.

"ముడియాగా! వెళ్ళి కూర్చో!" అన్నాడు పాస్టర్.

"చూసొస్తానయ్యగారూ."

"ఆత్మని ఆపుతున్నావు నువ్వు!"

"మళ్ళీ వస్తదిలెండి అది. ఈవిడ రాదు."

ఆ సాయంత్రమే అతన్ని తీసేశారు. వాఱీ నుంచి ఇంకొకతన్ని పిలిపించారు, కొత్త కీబోర్డుతో సహా. అతను వాయించేది ముడియాగా మలుపే, మక్కికి మక్కి. ముడియాగా మందిరం మానలేదు. పడినవాళ్ళకి కప్పే గుడ్డలు మడిచే చోట ఒక స్టూలు మీద కూర్చుంటాడు. ఎవరైనా పడగానే వెళ్ళి ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూస్తాడు, తరవాతి మనిషి దగ్గరికి వెళతాడు. పాస్టర్ మొదట్లో గద్దించాడు. జనం దాన్ని కూడా ఒక సేవ అనుకోవడం మొదలుపెట్టేసరికి ఊరుకున్నాడు. సేవట! ఒళ్ళు మండేది ఇందుకే.

నేను ఇంకా పాటలెత్తుతున్నాను. ఆ నీలం రకం గుడ్డ మాత్రం మళ్ళీ దుకాణంలో పెట్టలేదు.

మొన్న ఆదివారం నేను పడ్డాను. మలుపుకి పడ్డానో, పొద్దుటినుంచీ ఏమీ తినక పడ్డానో, నా అరిగిన మోకాళ్ళే వంగాయో నాకు తెలియదు. కళ్ళు మూసుకుని పడి ఉన్నాను. కాళ్ళమీద ఎవరో గుడ్డ కప్పారు. తరవాత అడుగుల చప్పుడు. నా ముక్కు కింద రెండు వేళ్ళు ఆగాయి. బట్టలసబ్బు వాసన. ఆ వేళ్ళు ఎంతసేపటికీ తియ్యడం లేదు.

నేను గట్టిగా ఊపిరి వదిలాను, అతనికి తెలిసేలా. ఇంకోసారి వదిలాను. అప్పుడు లేచి పక్కమనిషి దగ్గరికి వెళ్ళాడు.