మట్టికి తోడు పెట్టారు

“మట్టిని రాయి చేస్తున్నాం, వచ్చి చూడవే” అని సుజాత ఫోన్ చేసింది. తను నా కాలేజీ స్నేహితురాలు, ఇంజనీరింగ్ పాఠాలు చెబుతుంది. ఆ పని చేసేది బాక్టీరియా అట. నాకు నమ్మకం కుదరలేదు. కుదరనిచోటికల్లా బయల్దేరిపోవడం నాకున్న జబ్బు.

గుంటూరులో ఉదయం ఆరింటికి పిడుగురాళ్ల మీదుగా దాచేపల్లి వెళ్లే బస్సెక్కాను. రెండున్నర గంటలు, టికెట్టు నూట యాభై లోపే. సత్తెనపల్లి దాటాక మంచు కమ్మింది. అందులో మిరప కళ్లాలు ఎర్రగా తేలుతూ వెనక్కి పోతుంటే, నిద్రో మెలకువో తెలియకుండా కూర్చున్నాను. చివరికి ఘాటుకు తుమ్మి లేచాను. దాచేపల్లిలో దిగి సమాధుల తోటకంటే, “ఎవరన్నా పోయారాండీ?” అన్నాడు ఆటో అతను. బాక్టీరియాని చూడ్డానికన్నాను. అద్దంలో నన్నొకసారి చూసి, “అయితే రానూపోనూ మాట్లాడుకోండి, అక్కడ మళ్లీ ఆటో దొరకదు” అన్నాడు.

సమాధుల తోట వాగు గట్టున ఉంది. మట్టీ రాళ్లూ కలిసిన ఆ గట్టు ఏటా వానకు కొంత జారుతోంది. అంచుకు మూరెడు దూరంలో ఉన్నది మరియమ్మ భర్త సమాధి. మరియమ్మ మిరపకోతలకు వెళుతుంది, కోతల్లేని రోజుల్లో, గట్టు జారకుండా రాయి చేసే పనిలో ఉన్న సుజాత వాళ్లకి వండిపెడుతుంది. మట్టిలోని బాక్టీరియాకి యూరియా, కాల్షియం నీళ్లు పోస్తే అవి రేణువుల మధ్య సున్నపురాయిని పేరుస్తాయని సుజాత చెప్పింది. ఆ యూరియాకి గట్టంతా పశువుల కొట్టం వాసన. ఊరి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు రాయిని పొడి చేస్తుంటే, ఇక్కడ పొడిని రాయి చేస్తున్నారు.

మొదటిసారి గట్టు గట్టిపడలేదట. కారణం మరియమ్మే పట్టుకుంది. “మట్టికి తోడు పెట్టారు, అంతేగా మేడమ్ గారూ. తోడేసిన గిన్నెని ఎవరన్నా కదుపుతారా? రోజూ కొలతలంటా దానిమీదే తొక్కుతుంటిరి.” రెండోసారి పోశాక గట్టు చుట్టూ తన పాతచీర కట్టేసి, ఎవర్నీ అడుగు పెట్టనివ్వలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి పరీక్ష. పక్కనున్న మామూలు గట్టు మీద బిందెడు నీళ్లు పోస్తే బురదై జారిపోయింది. రెండో బిందె మరియమ్మ తీసుకుంది. చీర కట్టిన వైపు, సమాధి కింద, మెల్లగా పోసింది. మట్టి రేణువు కూడా కదల్లేదు. నీళ్లు తేటగా దిగిపోయాయి.

“బిందె నీళ్లు వేరు, వాన వేరు మరియమ్మా. మేం గట్టిపరిచింది రెండు బారలేగా” అంది సుజాత.

“మిగతాదానికి దీన్నే తోడెయ్యండి” అని మరియమ్మ గట్టు మీద అరచెయ్యి ఆనించింది. “ఈ వానకి నువ్వెక్కడికీ పోవులే” అంది. అది మాతో అన్నది కాదు. తర్వాత అన్నానికి రమ్మంది.

మూడింటి బస్సులో మళ్లీ కలలోకి జారాను. కంటికి కనపడని ప్రాణులు చీకట్లో రాయినీ మట్టినీ అతుకుతూనే ఉంటాయి. పాలకైనా మనిషికైనా తోడు అని ఒకటే మాట ఎందుకన్నామో ఇన్నేళ్లకు తెలిసి నాకు ఏడుపొచ్చింది. మీరూ వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: పాతచీర కట్టిన చోట అడుగు వెయ్యకండి. అక్కడింకా తోడుకుంటోంది.