రాజక్క తీసుకోలేకపోయిన బాప్తిస్మం

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడు. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. మూత్రపిండాలు చేయలేని పనిని మిషన్ చేత చేయించడమే డయాలసిస్. వారానికి మూడుసార్లు వచ్చేవాళ్లు కొన్నాళ్లకు మాకు చుట్టాలైపోతారు. మంథని దగ్గరి పల్లె నుంచి వచ్చే రాజక్క అలాంటి మనిషి. ఆరోగ్యం బాగున్నన్నాళ్లూ బీడీలు చుట్టింది. ఆమె కోసమే భర్త ఓదెలు మస్కట్‌లో పని మానుకుని వచ్చేశాడు. ప్రతిసారీ బస్సులో తనే వెంటబెట్టుకుని వచ్చేవాడు.

మూత్రం రాని ఒంట్లో తాగిన నీళ్లన్నీ నిలిచిపోతాయి. కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసం వస్తుంది. అందుకే నీళ్లు కొలిచి తాగమంటాం. ఎండాకాలమంతా రాజక్క ఐసుముక్క చప్పరిస్తూ దాహాన్ని ఓర్చుకుంది. ఆ రోజుల్లోనే ఊళ్లో ప్రార్థనలకు వెళ్లడం మొదలుపెట్టింది. ఒకరోజు మిషన్ నడుస్తుండగా, బావి దగ్గర ప్రభువును కలిసిన స్త్రీ కథ నాకు చెప్పింది.

"మళ్ల దూప గాని నీళ్లిస్తనన్నడట సిస్టర్. గా మాట ఇన్నంక నాకు ఏడుపు ఆగలే."

నేనూ క్రైస్తవురాలినే. చిన్నప్పటి నుంచి విన్న కథే. కానీ దాహమంటే ఏమిటో ఒళ్లంతా తెలిసిన మనిషి నోట వినడం అదే మొదటిసారి.

రాజక్కకు బాప్తిస్మం తీసుకోవాలని ఉంది. వాళ్ల పాస్టరుగారు గోదావరిలో పూర్తిగా ముంచి ఇస్తారు. చిక్కల్లా ఆమె మెడ దగ్గరున్న క్యాథెటర్‌తోనే. అది పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టం. అక్కడ తడి చేరితే ఇన్‌ఫెక్షన్ నేరుగా రక్తంలోకి పోతుంది.

"ఇప్పుడే వద్దక్కా. చేతికి ఫిస్టులా చేస్తారు. రెండు రక్తనాళాలను కలిపే ఆపరేషన్. అది గట్టిపడితే అక్కడే సూదులు వేస్తాం, మెడలో గొట్టం తీసేస్తారు. అప్పుడు మునుగుదువు" అని చెప్పాను.

ఓదెలుకు బాప్తిస్మం మాటే గిట్టలేదు. "ఇంట్ల దేవుండ్లు ఉండంగ గీ కొత్త దేవుడెందుకు సిస్టర్? నీళ్లు తాగద్దంటె, నీళ్లల్ల మునుగుతనంటది! మీరన్న జర చెప్పుండ్రి" అని నా మీద కోప్పడ్డాడు.

మా సంఘంలో తల మీద నీళ్లు చల్లి బాప్తిస్మం ఇస్తారు. నాకు అట్లాగే ఇచ్చారు. ఆ సంగతి పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. "పానం బాగలేని మనిషి గదమ్మా. తల మీద పోసి ఇస్త, ప్రభువు కాదనడు" అన్నారు. ఒప్పుకోనిది రాజక్కే.

"నా బతుకుల నాకన్నీ చారెడు చారెడే దొరికినయ్ సిస్టర్. గిదొక్కటన్న నిండ కావాలె. ఆగుత."

మణికట్టు దగ్గర చేసిన ఫిస్టులా పనిచేయలేదు. మోచేతి పైన మళ్లీ చేశారు. రాజక్క విసుక్కోలేదు. సర్జన్ చెప్పినట్టు మెత్తటి బంతిని పిసుకుతూ, పెదవులు కదిలిస్తూ ప్రార్థన చేసుకునేది. ఆ ఓపిక చూసి ఓదెలే మెత్తబడ్డాడు. "గొట్టం తీసినంక నేనే తోల్కపోత. ఒడ్డు మీద నిలబడత" అన్నాడు ఒకరోజు. రాజక్క అంతగా నవ్వడం నేనెన్నడూ చూడలేదు.

చెయ్యి దాదాపు సిద్ధమైంది. ఆ వారమే ఆమె వణుకుతూ వచ్చింది. ఒక్క చుక్క తడి తగలనీయకుండా కాపాడుకున్న ఆ గొట్టానికే ఇన్‌ఫెక్షన్ సోకింది. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరికి అట్లా జరుగుతుంది. గొట్టం తీసేశారు, మందులు మార్చారు. బీపీ నిలవలేదు. ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు.

పాస్టరుగారు వచ్చేసరికి ఆమెకు స్పృహ లేదు. ఓదెలు ఆయన చేతులు పట్టుకున్నాడు. "ఇప్పుడన్న పొయ్యిండ్రయ్యా, తల మీదనే పొయ్యిండ్రి."

"విశ్వసిస్తున్ననని ఆమెనే చెప్పాలె ఓదెలూ. చారెడు నీళ్లొద్దని గూడ ఆమెనే అన్నది" అన్నారాయన.

"ఆమె నమ్మింది. గదంత నేను జూసిన. ఆమె దిక్కు నేను చెప్త."

పాస్టరుగారు మంచం పక్కన మోకరించారు. ప్రార్థన చేశారు, నీళ్లు మాత్రం పోయలేదు. తెల్లవారాక రాజక్క పోయింది.

నెల దాటాక ఓదెలు కాగితాల పని మీద వచ్చి, నన్ను వెతుక్కుంటూ మా విభాగానికి వచ్చాడు. "మునగకుంటె గామెకు గా నీళ్లు దొరకయా సిస్టర్?" అని అడిగాడు.

"దొరికే ఉంటాయి" అన్నాను. నేను నమ్మేదే చెప్పాను.

తలూపాడు. "నాకూ గట్లనే అనిపిస్తది. గని, మునిగి లేసినంక ఆమె ముఖం ఎట్లుంటదో జూడాలనుండె."

గొట్టం తడవకూడదని ఇప్పటికీ చెబుతాను, చెప్పి తీరాలి. డాక్టర్లూ, పాస్టరుగారూ, రాజక్కా, ఎవరి మాట వాళ్లకు సరైనదే. అయినా అప్పటి నుంచీ "తర్వాత చేసుకోవచ్చు" అని ఏ రోగితోనూ తేలిగ్గా అనలేకపోతున్నాను. ఏం చేయాలని ఉందో ముందు అడుగుతాను. అందులో ఈరోజు ఎంత కుదురుతుందో, ఇంటివాళ్లను పిలిచి, పక్కన కూర్చుని మాట్లాడతాను.