హర్రాజు యాదయ్య గొంతు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది నన్ను డైటీషియన్‌గా చేవెళ్లలోని ఒక దవాఖానకు డెప్యుటేషన్ మీద పంపారు. అంటే జీతం పాత చోటే, పని మాత్రం కొత్త చోట. మా కాపురం మొయినాబాద్‌లో కాబట్టి బస్సు ప్రయాణం తగ్గిందని సంతోషించాను. నాది డాక్టర్ల కింది హోదా. వాళ్లు రోగం తేల్చి, మందు రాసి, చీటీ చివర 'డైట్' అని రాస్తే రోగి నా గదికి రావాలి. చాలామంది ఆ మాట చూడకుండానే బస్టాండుకు వెళ్లిపోయేవారు.

యాదయ్య వెళ్లలేదు. ఆయన కూరగాయల మార్కెట్‌లో హర్రాజు పలికే మనిషి. రైతు తెచ్చిన సరుకు ముందు నిలబడి, గొంతెత్తి ధర పెంచుకుంటూ పోయి, ఎక్కువకు అడిగినవాడికి ఖాయం చేయడం ఆయన పని. ఆ గొంతే బొంగురుపోయింది. గొంతు డాక్టర్ సన్నని గొట్టం వేసి చూసి, గడ్డలేమీ లేవని, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని స్వరపేటికను వాచేలా చేస్తోందని తేల్చారు.

"గొంతు పోతే నాకేమున్నది మేడం? కాంటా పెట్టుడు రాదు, లెక్క రాసుడు రాదు. ఒర్రుడొక్కటే వచ్చు" అన్నాడు. దసరా లోపు గొంతు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని కమీషన్ దుకాణం సేటు చెప్పేశాడట. వెంట వచ్చిన ఆయన భార్య అనసూయ, "ఇంట్ల మాట్లాడుడే బందు వెట్టిండు మేడం. గొంతు మార్కెట్‌కు దాసుకుంటుండు. మొదట్ల నాకు సుఖమే అనిపించింది" అని నవ్వింది. నవ్వుతున్నా ఆమెకు భయంగానే ఉంది.

మా వృత్తిలో మొదటి పని, నిన్న నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా ఏమేం తిన్నారో చెప్పించడం. యాదయ్య తడుముకోకుండా చెప్పాడు. తెల్లవారకముందే పరగడుపున చాయ్, మార్కెట్‌లో మళ్లీ చాయ్, బేరాలయ్యాక జొన్నరొట్టె, రాత్రి కడుపునిండా అన్నం, పచ్చిపులుసు. పెందలాడే లేవాలి కాబట్టి తిన్న వెంటనే నిద్ర. గొంతు సాఫీ అవుతుందని నిమ్మరసం కూడా మొదలుపెట్టాడు. అది ఉన్న మంటను పెంచే వైద్యం.

పై ఆఫీసు పంపే అచ్చు కాగితంలో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ ఉంటాయి. దాన్ని నేను సొరుగులోంచి తీసేదాన్ని కాదు. జొన్నరొట్టె తినే మనిషికి ఓట్స్ ఎందుకు? రాత్రి భోజనం చీకటి పడగానే ముగించి, పడకకు రెండు మూడు గంటలు ఎడం ఉంచమన్నాను. పచ్చిపులుసు బదులు పెసరపప్పు, సొరకాయ. నిమ్మరసం బంద్. చాయ్ కంటే ముందు ఒక రొట్టె ముక్క. బెల్టు వదులు చేయమన్నాను. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టమన్నాను. దిండ్లు పెంచితే నడుము దగ్గర వంగి పొట్ట నొక్కుకుంటుందే తప్ప మేలు జరగదు.

అనసూయ అన్నీ చేయించింది. ఛాతీలో మంట తగ్గింది కానీ గొంతు రాలేదు. చాటుగా ఏదో తింటున్నాడని నా అనుమానం. ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. దసరాకు ఇంకా నెల ఉందనగా ఒకరోజు మొదటి బస్సెక్కి మార్కెట్‌కే వెళ్లాను.

టమాటా పెట్టెల మధ్య ఉన్నాడు యాదయ్య. ఒక్కో రైతు సరుకు దగ్గర ఆగి, పెట్టె అడుగు నుంచి ఒక పండు తీసి, అందరూ చూస్తుండగా కొరికి, నమిలి మింగి, మిగతాది పైకెత్తి చూపాకే ధర పలుకుతున్నాడు. పక్క మండలంలోని ప్రొద్దుటూరు రైతుది అయ్యాక కొండకల్ రైతుది, ఆ తర్వాత ఇంకొకరిది. ఉదయమంతా పచ్చి టమాటా పులుపు, దాని మీద అరుపు.

పక్కకు పిలిచి, ఇది నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఏం తిన్నవని అడిగిండ్రు మేడం. గిది తినుడెట్లయితది? గిది పని గద!"

మానేయమంటే తల అడ్డంగా ఊపాడు. హర్రాజు మనిషి కొరకని సరుకును కొనేవాళ్లు అనుమానిస్తారు. రైతు అవమానంగా తీసుకుంటాడు. "నేను నోట్ల పెట్టకపోతే ఆ రైతు మొఖం ఎట్ల సూడాలె?" అన్నాడు. అది మొండితనం కాదు. మరునాడు అనసూయను వెంటబెట్టుకుని రమ్మన్నాను.

మరునాడు ఇద్దరూ దవాఖానకు వచ్చినప్పుడు అనసూయే దారి చెప్పింది. "పండు రైతుదే గద. రైతునే కొరకమను. ఎవని పండు ఆడు తినెతందుకు సిగ్గెందుకు?"

అప్పటినుంచి యాదయ్య పండును చేత్తో రెండుగా చీల్చి, సగం రైతుకు, సగం కొనేవాడికి ఇవ్వడం మొదలుపెట్టాడు. "ఏం యాదన్నా, టమాటకు భయపడుతున్నవా?" అని మొదట్లో ఆటపట్టించారట. రైతులకు మాత్రం తమ పంటను తామే కొరికి చూపడం నచ్చింది.

దసరాకు ముందు ఒకరోజు వరండాలోంచి "మేడం!" అని పిలుపు వినపడింది. వరుసలో నిలబడ్డవాళ్లంతా వెనక్కి తిరిగారు. వెనకే వచ్చిన అనసూయ, ఇప్పుడు ఇంట్లో కూడా నోరు ఆగడం లేదని ఫిర్యాదు చేసింది.

మనిషి తిండి అనుకోనిదాన్ని తిండి వివరంలో చెప్పడు. ఆ తర్వాత చందనవెల్లి నుంచి ఒక క్యాంటీన్ వంటమనిషి ఛాతీలో మంటతో వస్తే, ముందు ఆయన పని గురించి అడిగాను. రోజంతా పులుసులు రుచి చూడటం అలా బయటపడింది. రిటైరయ్యే దాకా నేను మళ్లీ ఎవరినీ ఏం తిన్నారని అడగలేదు. గొంతు దిగిందేమిటని అడిగాను.