ఐదో సైకిలు

తీరాన తుపాను ఊళ్లను ఊడ్చుకుపోయిన ఏడు నాకు పంతొమ్మిదేళ్లు. పాతబస్తీలో మాది తాతల నాటి పాల వ్యాపారం. నాన్న మోకాలు పాడైనప్పటి నుంచి చార్మినార్ వెనక గల్లీల్లో ఇంటింటికీ పాలు పోసేది నేనే. అడ్డంగా బార్ ఉన్న మగవాళ్ల సైకిలు, రెండు పక్కలా రెండు క్యాన్లు.

అన్న కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. అతనూ, తోటి పనివాళ్లు నలుగురూ విజయవాడ రోడ్డు మీద సైకిలు యాత్ర చేద్దామనుకున్నారు. రెండు రోజులు ఊరూరా ఆగి బట్టలు, గింజలు అడగాలి. వెనక వచ్చే లారీలో నింపి తీరానికి పంపాలి. తీరా బయల్దేరే ముందురోజు వాళ్లలో ఒకతనికి జ్వరం తగులుకుంది.

"మా చెల్లె వస్తది," అన్నాడు అన్న.

"ఆడపిల్ల గంత దూరం తొక్కుతదా భాయ్?" అని ఒక స్నేహితుడు నవ్వాడు.

"పాల క్యాన్లేసుకోని అది దినాం తొక్కేదాంట్ల సగం గూడ నువ్వు తొక్కవు."

ఆ మాటకు పొంగిపోయాను. పక్కింటి ఖాలా తన కూతురి సల్వార్ కమీజు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఓణీ చైన్ల పడ్తది బేటీ, ఇది ఏసుకో," అంది.

హయత్‌నగర్ దాటాక ఎదురుగాలి మొదలైంది. మొదటి ఊళ్లో మా నలుగురు మగవాళ్లూ రచ్చకట్ట దగ్గర నిలబడి గొంతు చించుకున్నారు. ఊరి మగవాళ్లు చేతులు కట్టుకుని విన్నారు తప్ప ఒక్కరూ కదల్లేదు. ఆడవాళ్లు తలుపుల చాటు నుంచే చూస్తున్నారు. నేను సైకిలు గోడకు ఆనించి ఒక వాకిట్లోకి వెళ్లాను. అక్కడ ఒక ముసలమ్మ జొన్నలు చెరుగుతోంది.

"ఏడికెల్లి వచ్చినవ్ బిడ్డా? నీ మొగడేడి?"

"మొగడు లేడవ్వా, మా అన్నతోని వచ్చిన. సముద్రం ఊళ్ల మీదికి వచ్చిందట. పిల్లలకు కట్టుకోను గుడ్డ గూడ లేదట."

ఆమె చేట కింద పెట్టి లోపలికి వెళ్లింది. పెట్టెలో దాచుకున్న చీర తెచ్చి, అందులోనే జొన్నలు మూటగట్టింది. గోడ మీదుగా పక్కింటికి కేకేసింది: "ఓ పిల్లా, సైకిల్ తొక్కుకుంట ఆడపిల్ల వచ్చింది, ఏమన్న ఉంటే తే!"

ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ ఇళ్లలోకి నేనే వెళ్లాను. మగవాళ్లు రోడ్డు మీద నీళ్లు తాగుతూ నిలబడేవాళ్లు. ఆ సాయంత్రం ఒక బడి వరండాలో కూలబడ్డప్పుడు అన్నే అన్నాడు: "నువ్వు లేకుంటే లారీ ఖాళీగ పోతుండె."

రెండో రోజు మధ్యాహ్నం మేం ఆగాల్సిన పట్టణం చేరాం. పందిరి, మైకు, జనం. వేదిక మీద నాలుగు కుర్చీలు. మైకులో "నలుగురు యువకులు" అని వినిపించింది. మా వాళ్ల మెళ్లో బంతిపూల దండలు పడ్డాయి. ఊరి పెద్దమనిషి ఒకాయన కర్పూరం వెలిగించిన పళ్లెం నా చేతిలో పెట్టాడు.

"హారతియ్యి బిడ్డా. ఆడపిల్ల చేత్తోనిస్తే మంచిది."

బుర్ర పనిచేయలేదు. మొదటి ఇద్దరికీ పళ్లెం తిప్పాను కూడా. మూడోవాడు అన్న. అతని ముందు చేయి ఆగిపోయింది.

"నా దండ ఏది?" అన్నాను.

"లొల్లి చెయ్యకు. మంది చూస్తున్నరు," అన్నాడు అన్న.

"చూడనియ్యి. నేనేమన్న లారీల కూసోని వచ్చిన్నా? నిన్నటి సంది నీ పక్కకే తొక్కుతలేనా?"

అన్న తల దించుకున్నాడు. మొదట్లో నవ్విన స్నేహితుడు విసుక్కున్నాడు: "ఒక్క దండకు గింత కోపమా?"

"అయితే నీది తీసి పారెయ్."

తీయలేదు. ఎవరూ తీయలేదు. కర్పూరం మండుతుండగానే పళ్లెం బల్ల మీద పెట్టి దిగిపోయాను. "పాపం, పిల్ల అలిసిపోయింది," అని పెద్దమనిషి మైకులోనే అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ వీపు మీద మంటలా ఉంటుంది.

మర్నాడు వాళ్లు సైకిళ్లు బస్సు మీదికి ఎక్కించారు. నేను బస్సెక్కలేదు. ఎట్లా వచ్చానో అట్లానే తొక్కుకుంటూ బయల్దేరాను. కాసేపటికి వెనక ఇంకో సైకిలు చప్పుడు వినిపించింది. అన్నే. తన సైకిలు బస్సు మీంచి దించుకున్నట్టున్నాడు. పాతబస్తీ దాకా నా వెనకే తొక్కాడు. అది క్షమాపణ అనుకున్నాడేమో! నేను వెనక్కి తిరగలేదు. నోటితో చెప్పాల్సింది కాళ్లతో చెబితే చాలదు.

ఏళ్ల తర్వాత ఒకసారి, "గప్పుడు నాకేం తోచలే," అన్నాడు. తోచకపోవడమేమిటి? మెడ వంచడం తోచింది కదా! ఆ మాటే అన్నాను. అతను టీ సగంలో వదిలేసి లేచి వెళ్లాడు.

పెద్దమనిషి మీద కోపం ఎప్పుడో పలచబడింది. అన్న మీద ఇంకా ఉంది. అంతకంటే ఎక్కువ కోపం, వేదిక మీద మొదటి ఇద్దరి ముందూ పళ్లెం తిప్పిన నా చేతుల మీద.