లేతిప్ అవ్వ పలకని మాట

మాలెకులా దీవి పడమటి ఒడ్డున మా ఊళ్లో పాత భాష పూర్తిగా వచ్చిన మనిషి లేతిప్ అవ్వ ఒక్కతే మిగిలింది. మాకు వింటే అర్థమవుతుంది, మాట్లాడబోతే దీవులన్నిటా నడిచే బిస్లామా వచ్చేస్తుంది. అవ్వ మాతో విసుక్కుంటూ బిస్లామాలో మాట్లాడి, కోళ్లనీ పొయ్యినీ మాత్రం తన భాషలో తిడుతుంది. అవి ఎదురు చెప్పవు మరి. మనిషి మహా మొండి. పెండలం తోటలో ఎవరైనా సాయం పడితే, తవ్విన తీరు బాలేదని మళ్లీ తవ్వుకుంటుంది.

ఆ భాషకు వ్యాకరణం రాస్తానని ఆస్ట్రిడ్ అనే అమ్మాయి సముద్రాలు దాటి వచ్చింది. రోజూ వంటపాక ముందు కూచుని ‘నిన్న వాన పడింది’ అనడం ఎలా, ‘రేపు వాన పడుతుంది’ అనడం ఎలా అని అడిగేది. అవ్వ కొబ్బరి కోరుతూ చెప్పేది.

రెండో ఏడు ఆస్ట్రిడ్ ఊరందరినీ కూచోబెట్టి తను తేల్చింది వినిపించింది.

“మీ భాషలో జరిగిపోయినదానికి మాట ఉంది. జరుగుతున్నదానికి ఉంది. జరగబోయేదానికి లేదు. ‘రేపు వాన పడుతోంది’ అంటారు, అంతే.”

మేమంతా నేలచూపులు చూశాం. ఎందుకు లేదు? ఉంది. ‘కే’ అని చిన్న ముక్క. కానీ అవ్వ మామగారి పేరు కేవా. మా దగ్గర కోడలు మామ పేరే కాదు, ఆ పేరులో మొదటి అక్షరం కూడా నోట రానివ్వదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ అవ్వ దాన్ని దాటుకుంటూనే మాట్లాడుతోంది. ఆమె ఎదుట ఆ పేరెత్తడం మర్యాద కాదు గనక మేమూ ఎత్తలేదు.

కేవా కొడుకు మసింగ్ తాత ఉండబట్టలేకపోయాడు. చిన్నప్పుడే మిషను బడికి పోయి భాష మరిచినా, వేళాకోళం మరవలేదు.

“అవునమ్మా, మా వదినకి రేపు లేదు. తిట్లన్నీ ఇవాళే తిట్టేస్తుంది.”

అవ్వకు ఒళ్లు మండింది. “ఎవరు చెప్పారే లేదని? నేను నోరు కట్టుకుంటే భాషకి నోరు పడిపోయినట్టా?”

“మరి ఉంటే చెప్పవ్వా” అంది ఆస్ట్రిడ్.

“చెప్పను. మామ పేరది.”

“చెప్పకపోతే పుస్తకంలో లేదనే పడుతుంది. దాన్ని వాడి చూపడం నీ ఒక్కదానికే వచ్చు. నీ తర్వాత దిద్దేవాళ్లెవరూ ఉండరు.”

అవ్వ లేచి వెళ్లిపోయింది. కొన్నాళ్లు కూచుని, మా దగ్గర తప్పుకి పరిహారంగా ఇచ్చే ఎర్రంచు చాప అల్లింది. దాన్ని తెచ్చి మరిది ముందు పరిచింది.

“మీ నాన్న పేరు నా నోట వస్తుంది. తప్పు కాయి.”

తాత ఈసారి నవ్వలేదు. చాప చుట్టి చంకలో పెట్టుకుని, “అను వదినా” అన్నాడు.

ఆస్ట్రిడ్ రికార్డరు పెట్టింది. అవ్వ నోరు తెరిచింది, మూసింది. చివరికి ‘కే’ గొంతులో గీరుకుంటూ బయటికొచ్చింది. ఆ తర్వాత ఆగలేదు. వాన పడుతుంది. పెండలం ఊరుతుంది. మసింగ్ నేను ఆకులో చుట్టి కాల్చిన లాప్‌లాప్ విప్పి దొంగతనంగా తింటాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

“ఇంకొక్కటి అవ్వా” అంది ఆస్ట్రిడ్.

అవ్వ ఆలోచించింది.

“నేను పోతాను. అక్కడ మామ ఎదురొస్తాడు. పేరెత్తినందుకు తిడతాడు. మన భాషలోనే తిడతాడు. ఎంత తిట్టినా వింటాను.”